ఫోన్ నంబర్, లొకేషన్, కొనుగోళ్ల చిట్టా: ఈ డేటాకు చట్టప్రకారం ఓనర్ మనమేనా?

సూటిగా చెప్పాలంటే, కాదు. అలాగని కంపెనీలూ కావు. మన దేశంలో 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అసలు సొంతదారు ఎవరన్న మాటే ఎత్తదు. పొలానికి ఉన్నట్టు డేటాకు పట్టా ఉండదు. పొలం అమ్మితే చేయి జారిపోతుంది. ఫోన్ నంబర్ ఒక షాపుకి ఇచ్చినా మన దగ్గరే ఉంటుంది, ఇంకో పదిమందికీ చేరుతుంది.

అందుకే చట్టం హక్కుల దారి పట్టింది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం తేల్చింది. 2023 చట్టం ప్రకారం కంపెనీలు డేటా ఎందుకో చెప్పి సమ్మతి అడగాలి. ఆ సమ్మతిని ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలి. తప్పుంటే దిద్దమని, అవసరం తీరాక చెరిపేయమని అడగొచ్చు. నామినీని కూడా పెట్టుకోవచ్చు.

నాకు మింగుడుపడనిది జరిమానాల సంగతి. భద్రతా లోపంతో డేటా లీకైతే 250 కోట్ల రూపాయల దాకా వేయొచ్చు, కానీ ఆ సొమ్మంతా కేంద్ర ఖజానాకే. నష్టపోయినవాళ్లకు పరిహారం ఇప్పించే ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం 43ఏ సెక్షన్‌ను కూడా ఈ చట్టమే తొలగిస్తోంది. పైగా తప్పుడు ఫిర్యాదు పెడితే మనకే 10,000 రూపాయల దాకా జరిమానా!

దేశ భద్రత, శాంతిభద్రతల పేరుతో ప్రభుత్వ సంస్థలను మినహాయించే అధికారం కేంద్రానికి ఉంది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. సమ్మతి, హక్కుల భాగం అమలుకు 18 నెలల గడువు పెట్టారు.