సిరి కథ రాస్తున్న అమ్మాయికి

అమ్మాయ్,

నీ నవల పూర్తి చేశాను. ముందు తిట్లు తినెయ్, మెచ్చుకోలు తర్వాత.

సిరిది ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ, హైదరాబాద్ శివార్లలో రెసిడెన్షియల్ కాలేజీ. టెన్త్‌లో దగ్గరైన అబ్బాయి ఇప్పుడు వదిలేశాడు. బాగానే ఉంది. కానీ ఏడో అధ్యాయంలో అర్ధరాత్రి దుప్పటి ముసుగేసుకుని ఫోన్‌లో బ్లూ టిక్కులు చూస్తూ ఏడుస్తుందే, ఆ హాస్టల్లో ఫోన్ ఎక్కడిదమ్మా? పెట్టె సర్దుకుని వచ్చిన రోజే వాళ్ళ నాన్న దాన్ని జేబులో వేసుకుని వెళ్ళిపోయుంటాడు. ఆదివారం వార్డెన్ గది ముందు లైన్లో నిలబడి, వెనకున్న పిల్ల "అయిందా, అయిందా" అని గోకుతుంటే ఇంటికి మాట్లాడే ఆ నాలుగు మాటలే ఆమెకి బయటి లోకం. అలాంటి చోటే చదివానని నువ్వే రాశావు. మరి ఆ లైనూ, స్టడీ అవర్లో కునుకుపాట్లూ, వీకెండ్ టెస్ట్ మార్కుల్ని బట్టి సెక్షన్ మార్చేసే ఆ పద్ధతీ అన్నీ వదిలేసి వెబ్ సిరీస్ ఏడుపు ఎందుకు అరువు తెచ్చుకున్నావు?

ఫోన్ తీసెయ్, కథే మారిపోతుంది. అతను ఆగస్టులోనే ఆమెని బ్లాక్ చేశాడనుకో. సిరికి దసరా సెలవులకి ఇంటికొచ్చి, ఫోన్ చార్జింగ్ పెట్టి, అతని డీపీ కనపడక, నెట్ లేదేమోనని డాబా మీదకెళ్ళి చూసుకున్నాకగానీ తెలియదు. మరి ఆ నెలన్నరా ఆమె ఎవరితో మాట్లాడుకుంది? ఫిజిక్స్ రికార్డు వెనక పేజీల్లో ఎవరికి రాసుకుంది? ఆ పేజీలు ఇప్పుడు తను చదువుకుంటే అందులో అతను పెద్దగా ఉండడు, మెస్‌లో నీళ్ళ చారు గురించి, పక్క బెడ్డు పిల్ల గురించి, తనకి లెక్కలు అస్సలు ఇష్టం లేదన్న సంగతి గురించీ ఉంటుంది. పెద్దదవడం అంటావే, అది నాకు అక్కడ కనపడుతోంది. నువ్వు దాన్ని చివర్లో వాళ్ళమ్మ చేత రెండు పేజీల లెక్చర్ ఇప్పించి చెప్పించావు. పదహారేళ్ళ పిల్ల అమ్మ లెక్చర్ విని మారినట్టు నేనెక్కడా చూడలేదు, నువ్వు చూశావా?

ఇక ముగింపు. సిరికి 470కి 466 వచ్చాయి, ఫ్లెక్సీ మీద ఫొటో పడింది, అది చూసి అబ్బాయి సారీ చెప్పడానికి వచ్చాడు. చదివేవాళ్ళు చప్పట్లు కొడతారు, కాదనను. కానీ మొదటి అధ్యాయంలో ఆ పిల్ల విలువ అతని చేతిలో ఉంది, చివరి అధ్యాయంలో ఇంటర్ బోర్డు చేతిలో ఉంది. ఆమె చేతికి ఏమొచ్చింది? టీవీలో "ఒకటి, ఒకటి, రెండు, రెండు" అని ర్యాంకులు అరిచే యాడ్లు కూడా ఇదే కథ చెబుతాయి, దానికి నవలెందుకు? ఆమెకి 380 రానీ. ఎంసెట్‌లో (ఇప్పుడు పేరు మార్చారులే, పిల్లలు ఇంకా ఎంసెట్ అనే అంటారు) మామూలు ర్యాంకే రానీ. అయినా పాఠకుడు ఆమెని వదిలి పోకుండా రాయగలవా చూడు.

ఇంకోటి, ఇది తేలిగ్గా తీసుకోకు. పద్నాలుగో అధ్యాయంలో ఆమె చెయ్యి కోసుకోవడం తీసెయ్. అలాంటివి రాయకూడదని కాదు, మన కాలేజీల్లో ఏం జరుగుతోందో ఏటా రిజల్ట్స్ రోజుల్లో పేపర్లో చూస్తూనే ఉన్నాం. కథ చప్పబడిందని నువ్వు దాన్ని వాడుకున్నావు, తర్వాతి పేజీకల్లా అందరూ మర్చిపోయారు. నీ పుస్తకం చదివే పిల్లల్లో నిజంగా ఆ అంచున ఉన్న పిల్ల ఒకతి ఉంటుంది. ఆమె కోసమైనా, ఎలా కోసుకుందో వర్ణించకు. కావాలంటే దసరా సెలవుల్లో సిరి చేత 14416కి ఫోన్ చేయించు. టెలి మానస్ అని, మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, 2022 నుంచి ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. మొదటిసారి రింగవగానే కట్ చేస్తుంది, మళ్ళీ చేస్తుంది. ఆ రెండు కాల్స్ మధ్య ఏం జరిగిందో రాస్తే ఒక అధ్యాయం అవుతుంది.

మాటలు మాత్రం భలే పట్టావు. "లైట్ తీస్కోవే" అని పక్క బెడ్డు పిల్ల అనడం, అంటూనే తన ఊరగాయ సీసా సిరి వైపు జరపడం, అక్కడ ఒక్క అక్షరం ముట్టుకోకు. ఎవరైనా ఎడిటర్ దాన్ని శుద్ధమైన భాషలోకి మారుస్తానంటే ఒప్పుకోకు, నా పేరు చెప్పినా సరే.

టెన్షన్ పడి మొత్తం చింపెయ్యకు. ముందు ఆ ఏడో అధ్యాయం ఫోన్ లేకుండా రాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం. ఈసారి పేజీ నంబర్లు వెయ్యి తల్లీ, ప్రింట్లు కలిసిపోయి నా ప్రాణం తీశాయి.