బటన్ నొక్కకుండానే నొక్కినట్టు చూపిస్తోందా? బోర్డుని అనుమానించకండి

మీరు అర్డుయినో ఊనోలో (కోడ్ రాసి నడిపించే చిన్న సర్క్యూట్ బోర్డు) 2వ పిన్‌కి పుష్ బటన్ ఒక కాలు, 5 వోల్టులకి ఇంకో కాలు కలిపానన్నారు. నొక్కకపోయినా ఎల్‌ఈడీ దానంతటదే వెలుగుతోంది, వైరు దగ్గరికి చెయ్యి తీసుకెళ్తే ఇంకా ఎక్కువ. నొక్కితే, ఎన్నిసార్లు నొక్కారో లెక్కపెట్టే కౌంట్ ఒకటికి బదులు మూడో నాలుగో పెరుగుతోంది. బోర్డు పోయిందా అని అడిగారు. పోలేదు. ఇవి రెండూ వేర్వేరు జబ్బులు, నేను రెండూ పడ్డాను.

మొదటిది. బటన్ వదిలేశాక ఆ పిన్ దేనికీ కలిసి లేదు. మనం దాన్ని సున్నా అనుకుంటాం, కానీ అది సున్నా కాదు, గాల్లో వేలాడుతున్న తీగ. గోడలోని కరెంటు, మీ వేలు, పక్కన ఫ్యాను, ఏది దగ్గరికొస్తే దాని మాట వింటుంది. నొక్కనప్పుడు అది ఎక్కడ ఉండాలో మనమే చెప్పాలి. 5 వోల్టుల వైరు తీసేసి బటన్ రెండో కాలు గ్రౌండ్‌కి కలపండి. కోడ్‌లో పిన్‌మోడ్ దగ్గర ఇన్‌పుట్ బదులు ఇన్‌పుట్ పుల్అప్ అని పెట్టండి. చిప్ లోపలే 20 నుంచి 50 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంది, అది పిన్‌ని 5 వోల్టుల వైపు లాగి పట్టుకుంటుంది. ఇక లెక్క తిరగబడుతుంది: నొక్కితే లో (సున్నా వోల్టులు), వదిలితే హై (5 వోల్టులు). ఇఫ్ కండిషన్ మార్చడం మర్చిపోయి ఓ సాయంత్రమంతా తల పట్టుకున్నవాణ్ణి నేను.

వైర్లు జానెడు ఉంటే ఇంతటితో సరి. పొడవైతే కాదు. ఇది ఎలా తెలిసిందంటే, వినాయక చవితికి మా కాలనీ పిల్లల క్విజ్ కోసం నాలుగు బటన్లతో బజర్ పెట్టె చేశాను. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో సామాను కొని ఇంట్లో బల్ల మీద పెట్టి రెండు రోజులు నొక్కి చూశాను, ఒక్క తప్పు లేదు. మండపంలో ఒక్కో జట్టుకీ ఐదేసి మీటర్ల వైరు లాగాను, సీరియల్ సెట్ల వైర్ల పక్కనుంచే. ప్రశ్న సగం కూడా చదవలేదు, మూడో జట్టు లైటు వెలిగింది. ఆ పిల్లలు రెండు చేతులూ పైకెత్తి చూపిస్తున్నారు, "అంకుల్, మేం ముట్టుకోనే లేదు" అని. ఎవరో పెడెస్టల్ ఫ్యాను స్విచ్ వేసినప్పుడల్లా ఇదే తంతు.

లోపలి పుల్అప్ బలహీనమైనది (ఓమ్‌లు ఎక్కువైతే లాగే బలం తక్కువ), అంత పొడవు వైరులోకి దూరే స్పైకుల్ని, అంటే వోల్టేజీ కుదుపుల్ని, ఆపలేదు. మర్నాడు మూడు పనులు చేశాను. ప్రతి పిన్ నుంచి 5 వోల్టులకి 1 కిలో ఓమ్ రెసిస్టర్ (గోధుమ, నలుపు, ఎరుపు చారలది) వేశాను. నొక్కినప్పుడు దాంట్లో పారేది 5 మిల్లీయాంపులే, భయం లేదు. పిన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య, బోర్డు దగ్గరే, ఆ కుదుపుల్ని మింగేయడానికి 104 అని రాసున్న సిరామిక్ కెపాసిటర్ పెట్టాను. అది 100 నానోఫారడ్‌లు. బటన్‌కి వెళ్ళే రెండు వైర్లనీ జడలా పురి తిప్పి, కరెంటు వైర్లకి దూరంగా లాగాను. ఆ సాయంత్రం ఫ్యాను ఎన్నిసార్లు వేసినా పెట్టె పలకలేదు.

ఇక కౌంట్ ఎగరడం. బటన్ లోపల లోహపు రేకు తగిలిన వెంటనే కుదురుకోదు, బల్ల మీద పడ్డ గోలీలా కొన్ని మిల్లీసెకన్లు ఎగిరెగిరి పడుతుంది. ఊనో 16 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంది, ఆ ఎగురుళ్ళన్నీ దానికి విడివిడి నొక్కుళ్ళే. కోడ్‌లో డిలే 200 (200 మిల్లీసెకన్లు ఆగు అనే ఆదేశం) పెట్టేస్తే పోతుంది అని చాలామంది చెబుతారు. ఒక్క బటన్‌కి సరే, కానీ ఆ 200 మిల్లీసెకన్లూ బోర్డుకి చెవుడు; పక్క బటన్ నొక్కినా వినపడదు. దాని బదులు, స్థితి మారిన ప్రతిసారీ మిల్లీస్ విలువ (బోర్డు మొదలై ఎన్ని మిల్లీసెకన్లయిందో చెప్పేది) గుర్తుంచుకుని, 30 నుంచి 50 మిల్లీసెకన్లు మారకుండా నిలిస్తేనే లెక్కలోకి తీసుకోండి. క్విజ్ పెట్టెలో మాత్రం నేను 5 మిల్లీసెకన్లే చూశాను. అక్కడ మొదటి నొక్కు ఎవరిదో తేలగానే మిగతావన్నీ లాక్ అవుతాయి, తర్వాతి ఎగురుళ్ళతో పని లేదు.

అన్నట్టు, మీది నాలుగు కాళ్ళ చిన్న బటనేనా? వాటిలో రెండేసి కాళ్ళు లోపలే కలిసి ఉంటాయి. బ్రెడ్‌బోర్డులో (టంకం లేకుండా భాగాలు గుచ్చే రంధ్రాల పలక) అడ్డం తిప్పి గుచ్చితే ఎప్పుడూ నొక్కినట్టే ఉంటుంది. మల్టీమీటర్‌ని బీప్‌లో (రెండు కాళ్ళు కలిసి ఉంటే కూత పెట్టే సెట్టింగ్) పెట్టి చూసుకోండి. మీటర్ లేకపోతే ఎదురెదురు మూలల కాళ్ళు వాడండి, ఎలా గుచ్చినా తప్పు పోదు.

రేపు ఈఎస్‌పీ32 అనే ఇంకో బోర్డుకి మారతానన్నారు కాబట్టి ఇదీ చెబుతున్నా: దాంట్లో 34, 35, 36, 39 పిన్లకి లోపలి పుల్అప్ లేదు. బయట 10 కిలో ఓమ్ పెట్టాల్సిందే, అదీ 3.3 వోల్టులకి. అలవాటు కొద్దీ 5 వోల్టులకి కలిపారో, అప్పుడు బోర్డు పోయిందా అని మళ్ళీ అడగాల్సి వస్తుంది, నా జవాబు మారుతుంది.