పాలు చాలడం లేదని ముందే అనుకోకు

చిట్టితల్లీ,

రాత్రి 2 గంటలకు నువ్వు ఫోన్‌లో "పెద్దమ్మా, నాకు పాలు పడలేదు" అని ఏడ్చావు. వెనక పాప గుక్కపట్టి ఏడుస్తోంది, డబ్బా పాలు కలపాలా అని మీ అమ్మ ఎవరినో అడుగుతోంది. ఆ గోలలో నేను చెప్పింది నీకు సగం కూడా వినిపించి ఉండదు. అందుకే కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్నాను. పాప పడుకున్నప్పుడల్లా కాస్త కాస్త చదువుకో.

ముందు ఒక మాట. నీకు ఆపరేషన్ అయి ఇది మూడో రోజు. ఇంకా రొమ్ములు బరువెక్కలేదంటే పాలు లేవని కాదు. మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలే. చిక్కగా, పసుపుపచ్చగా, చుక్కలు చుక్కలుగానే వస్తాయి. పుట్టిన రోజున బిడ్డ ఒక్కసారికి తాగేది 5 నుంచి 7 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న చెంచాడు. ఆ చెంచాడులోనే జబ్బుల నుంచి కాపాడే శక్తి అంతా ఉంటుంది. మామూలు పాలు మూడో రోజుకో నాలుగో రోజుకో పడతాయి. ఆపరేషన్ అయినవాళ్ళకు కొన్నిసార్లు ఇంకో రోజు ఆలస్యమవుతుంది. నువ్వు వెనకబడలేదు తల్లీ.

మీ పెద్దన్నయ్య పుట్టినప్పుడు నాకు ఇదంతా చెప్పేవాళ్ళు లేరు. ముర్రుపాలు బిడ్డకు అరగవని ఇంట్లో పెద్దవాళ్ళు నా చేతనే గిన్నెలోకి పిండించి పెరటిగోడ వార పారబోయించారు. మూడు రోజులు వాడికి పంచదార నీళ్ళు దూదితో పిండారు. నాలుగో రోజు రొమ్ముకు వేసుకుంటే నోరు తిప్పుకున్నాడు. రెండు నెలలు తిరగకుండానే నా పాలు ఎండిపోయాయి. ఆ తర్వాత నర్సు చదువు చదివి, 30 ఏళ్ళకు పైగా సర్కారు ఆసుపత్రి పురిటి వార్డులో పనిచేశాను. ఆ గిన్నెలో పసుపు రంగు మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందు నుంచి పోలేదు. ఒక్క చుక్క కూడా వృథా చేయవద్దని నిన్ను ఇంతగా పోరడానికి కారణం అదే.

ఇక అసలు సంగతి. రాత్రి వీడియోలో చూశాను, పాప నోట్లో చనుమొన ఒక్కటే ఉంది. చప్పరించినప్పుడల్లా బుగ్గలు సొట్టలు పడుతున్నాయి, టక్ టక్ అని చప్పుడు వస్తోంది. అలా పడితే దానికి పాలు రావు, నీకు మొన పగులుతుంది. వార్డులో పాలు చాలడం లేదని ఏడ్చిన తల్లుల్లో ఎక్కువమందికి పాలు ఉండేవి. బిడ్డ నోరు పట్టిన తీరే సరిగ్గా ఉండేది కాదు.

ఇలా చెయ్యి. నీ వీపుకు దిండు పెట్టుకుని వెనక్కి ఆనుకో. కుట్ల మీద బరువు పడకుండా పాపను నీ చంక కింద, పుస్తకాల సంచి ఇరికించుకున్నట్టు పక్కకు పెట్టుకో. దాని కాళ్ళు నీ వీపు వైపు ఉండాలి. మెడ, వీపు నీ అరచేతి మీద, ముంజేతి మీద ఆనాలి. తలను వెనక నుంచి నొక్కవద్దు, నొక్కితే ఎదురు తిరుగుతుంది. చనుమొనను దాని ముక్కుకు ఎదురుగా ఉంచి పై పెదవికి మెల్లగా తాకించు. తొందరపడకు. ఆవులించినంత పెద్దగా నోరు తెరిచేదాకా ఆగు. తెరవగానే నువ్వు ముందుకు వంగకుండా పాపనే రొమ్ము దగ్గరకు తెచ్చుకో. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటకు తిరిగి ఉండాలి. మొన చుట్టూ ఉన్న నల్లని వలయం పైవైపు కొంచెం కనిపించవచ్చు కానీ కిందివైపు దాదాపు పాప నోట్లోనే ఉండాలి. మొదట గబగబా చప్పరిస్తుంది. తర్వాత దవడ నిదానంగా కదులుతూ, మధ్యమధ్య ఆగి గుటక వేస్తుంది. గది నిశ్శబ్దంగా ఉంటే ఆ గుటక నీకు వినిపిస్తుంది. ఆ చప్పుడు విన్నావంటే పాలు అందుతున్నట్టే. నొప్పి పుడుతూనే ఉంటే ఓర్చుకోకు. చిటికెనవేలు నోటి మూల నుంచి లోపలికి పెట్టి పట్టు విడిపించి, మళ్ళీ మొదలుపెట్టు. పదిసార్లు తీసి పెట్టినా తప్పు లేదు.

మీ తాతగారి ఇంట్లో ఆవును పితకడం నువ్వు చూశావు. దూడను విడిచి, అది పొదుగును నాలుగు కుమ్ములు కుమ్మితే తప్ప ఆవు చేపేది కాదు, అంటే పాలు కిందికి దించేది కాదు. మనకూ అంతే. బిడ్డ చప్పరిస్తేనే మెదడుకు కబురు అందుతుంది, అక్కడి నుంచి వచ్చే హార్మోన్లే పాలు తయారు చేస్తాయి, చేపుకు తెస్తాయి. భయం, నొప్పి, పక్కన నలుగురూ నిలబడి మాట్లాడటం, ఇవన్నీ చేపును ఆపుతాయి. అందుకే పాలిచ్చే సమయంలో చూడవచ్చిన వాళ్ళను బయట కూర్చోబెట్టమను. పాలు తయారు చేసే హార్మోను రాత్రిపూట ఎక్కువగా ఊరుతుంది కాబట్టి రాత్రి పాలు మానవద్దు. రోజుకు 8 నుంచి 12 సార్లు ఇవ్వాలి. గడియారం చూడకు, పాప నాలుక చాపినా, పిడికిలి నోట్లో పెట్టుకున్నా ఎత్తుకో. ఏడుపు దాకా వస్తే అప్పటికే ఆలస్యమైనట్టు. ఏడ్చే బిడ్డ నోరు సరిగ్గా పట్టదు, ముందు గుండెకు హత్తుకుని ఊరడించు.

అవసరం లేకుండా సీసా పట్టిస్తే ఏమవుతుందో ఇప్పుడు నీకే తెలుస్తుంది. పాప కడుపు నిండి పడుకుంటుంది, రొమ్ము ఖాళీ కాదు, పాలు తగ్గుతాయి, మర్నాడు ఇంకో సీసా కావాలి.

మరి చాలుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? ఏడుపును బట్టి కాదు. తడిసిన గుడ్డలను బట్టి. మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు, మూడో రోజు మూడు అలా పెరిగి, అయిదో రోజు దాటాక రోజుకు కనీసం ఆరు తడవాలి. నల్లగా జిగటగా వచ్చే విరేచనం నాలుగైదు రోజులకు పసుపు రంగులోకి తిరగాలి. పుట్టినప్పటి బరువులో కొంత తగ్గడం మామూలే, కానీ నూటికి పది వంతులకు మించి తగ్గకూడదు, రెండు వారాలకల్లా ఆ బరువు తిరిగి రావాలి. ఈ కొద్ది రోజులు డైపర్లు పక్కన పెట్టి పాత నూలు గుడ్డలు వాడు, లెక్క తెలుస్తుంది. సాయంత్రాలు గంటకోసారి పాలకు వస్తే కంగారు పడకు, చంటిపిల్లలు చాలామంది అంతే.

మీ అత్తగారు తేనె నాకిద్దామన్నారని విన్నాను. ఆవిడ ప్రేమతోనే అంటున్నారు, నొప్పించకుండా చెప్పు. తేనెలో ఉండే ఒక సూక్ష్మజీవి చంటిపిల్లల పేగుల్లో విషం పుట్టించగలదు. ఏడాది నిండేదాకా తేనె వద్దు. వస, ఆముదం, గ్రైప్ వాటర్ ఏవీ వద్దు. 6 నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కరలేదు, ఎంత ఎండైనా సరే. పాలల్లో ఉన్న నీరే చాలు. డాక్టరు రాసిన విటమిన్ డి చుక్కలు మాత్రం వెయ్యండి.

నీ పథ్యం విషయంలో నేను అసలు ఒప్పుకోనిది నీళ్ళు తగ్గించడం. దాహం వేసినప్పుడల్లా తాగు. పాలిచ్చే మొదటి ఆరు నెలలు రోజుకు దాదాపు 600 కేలరీలు అదనంగా కావాలి. కారప్పొడి అన్నంతో సరిపెడితే ఎక్కడి నుంచి వస్తాయి? పప్పు, ఆకుకూరలు, గుడ్డు, పెరుగు, పండ్లు అన్నీ తిను. వెల్లుల్లి, మెంతులు, పాలసొర చేప వండిపెడితే ఇష్టంగా తిను, కానీ అవి తిన్నాను కదా అని పాప నోరు పట్టే తీరు చూడటం మరిచిపోకు. ఐరన్, కాల్షియం మాత్రలు ఆపవద్దు.

రేపో ఎల్లుండో రొమ్ములు రాయిలా బిగుస్తాయి. అప్పుడు పాలివ్వడం ఆపితే గడ్డ కడుతుంది. ఇచ్చే ముందు వేడినీళ్ళ గుడ్డ వేసి, కాస్త చేత్తో పిండి మెత్తబరిచి, అప్పుడు పట్టించు. తర్వాత చల్లని గుడ్డ వెయ్యి. ఒకచోట ఎర్రగా కమిలి జ్వరం వస్తే డాక్టరుకు చూపించు, అప్పుడు కూడా పాలివ్వడం మానవద్దు.

ఇంకొన్ని విషయాల్లో ఒక్క పూట కూడా ఆగవద్దు. పాప పాలకు లేవకుండా మగతగా పడి ఉన్నా, అరచేతులు అరికాళ్ళు పచ్చబడినా, జ్వరంతో ఒళ్ళు కాలినా, 8 గంటలు దాటినా గుడ్డ తడవకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. కొందరికి థైరాయిడ్ లాంటి కారణాల వల్ల నిజంగానే పాలు చాలవు. బరువు చూసి పైపాలు కావాలని డాక్టరు చెబితే ఇవ్వు, అది నీ తప్పు కానే కాదు. ముందు నువ్వు పిండిన పాలు ఇవ్వు, అవి చాలకపోతేనే మిగతావి. సీసాతో కాకుండా చిన్న గిన్నెతోనో, పాలాడేతోనో (మూతి ఉన్న ఉగ్గుగిన్నె) పట్టించండి. పిండిన పాలు బయట 4 గంటలకు మించి ఉంచవద్దు, మన ఎండల్లో ఇంకా ముందే వాడెయ్యి.

అల్లుడికి కూడా ఈ ఉత్తరం చదివి వినిపించు. పాలు తాగాక పాపను భుజాన వేసుకుని తేన్పు తెప్పించడం, రాత్రి గుడ్డలు మార్చడం అతను చేయగలిగినవే. నువ్వు ఆ అరగంట పడుకో. రెండు వారాలు దాటినా ఊరికే ఏడుపు వస్తుంటే దాచుకోకు, డాక్టరుకు చెప్పు, నాకూ చెప్పు.

సోమవారం రాత్రి బండికి బయలుదేరుతున్నాను. ఈలోగా గోడ మీది క్యాలెండరుకు ఒక పెన్సిలు కట్టమని మీ అమ్మకు చెప్పు. గుడ్డ తడిసినప్పుడల్లా ఆ తేదీ గడిలో ఒక గీత గీయండి. మంగళవారం పొద్దున రాగానే ముందు ఆ గీతలు చూస్తాను, తర్వాతే పాపను ఎత్తుకుంటాను.

నీ పెద్దమ్మ