నీతి అడగకండి, ఎవరిది న్యాయమో అడగండి

(పిల్లల కథల రచయిత్రికి పాఠకుల ప్రశ్నలు)

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. ఇంగ్లిష్ మీడియం. తెలుగు పుస్తకం ఇస్తే రెండు లైన్లు చదివి పక్కన పడేస్తాడు. తెలుగు బొత్తిగా రాకుండా పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: కొన్నాళ్లు ఆ పుస్తకం మీరే చదివి వినిపించండమ్మా. చదవడం వచ్చిన పిల్లాడికి వినిపించడమేంటి అంటారు చాలామంది. కూడబలుక్కుని చదివే పిల్లల శక్తంతా ఒత్తుల దగ్గరే అయిపోతుంది. ‘స్వాతంత్ర్యం’ అన్న మాట దాటేసరికి కథలో ఎవరు ఎక్కడున్నారో మర్చిపోతారు. ముందు కథ మీద ఆశ పుట్టాలి. అది పుడితే ఒత్తులతో వాళ్లే కుస్తీ పడతారు. రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు చదవండి. మంచి పట్టులో ఆపేసి పుస్తకం మంచం పక్కనే వదిలేయండి. వాడంతట వాడు చదవడం మొదలుపెట్టాక తప్పు చదివినా మధ్యలో దిద్దకండి.

ప్రశ్న: మీ కథల చివర నీతి ఉండదని మా తోటి టీచర్లు అంటున్నారు. పిల్లల కథకు నీతి అక్కర్లేదా?
– ఒక ఉపాధ్యాయుడు, సిద్దిపేట

జవాబు: మాస్టారూ, మీ క్లాసులో ఏడు చేపల కథ చెప్పి చూడండి. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టారు. ఒక చేప ఎండలేదు. ఎందుకంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది. ఆవు మేయలేదు కాబట్టి గడ్డిమోపు అలాగే ఉంది. పాలేరు ఆవును విప్పలేదు, అవ్వ పాలేరుకు బువ్వ పెట్టలేదు, పాప ఏడుస్తోంది, పాపను చీమ కుట్టింది. మా వైపు ఇలా చెబుతాం, మీ వైపు కాస్త మారుతుందేమో. చివరికి చీమనడిగితే ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?’ అంటుంది.

ఈ కథలో నీతి ఎవరూ చెప్పరు. రాజకుమారుల చేప సంగతి అడుగుతూ పోతే, అందరికంటే చిన్న ప్రాణి దగ్గర తేలింది. ఆ చీమకూ ఒక ఇల్లుంది, దాని మాటా న్యాయమే. ‘కుట్టనా?’ అనే చోట క్లాసంతా ఒక్కసారిగా అరుస్తుంది, గమనించండి. పిల్లలందరూ చీమ పక్షమే. ఆ అరుపు మీద ‘ఇతరుల జోలికి పోరాదు’ అని బోర్డు మీద రాస్తే అది పరీక్షకు వచ్చే ప్రశ్నయిపోతుంది. పిల్లలు కథ వదిలేసి జవాబు బట్టీ పడతారు.

నేను చందమామ చదివి పెరిగాను. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికలో బేతాళ కథలు దశాబ్దాల పాటు వచ్చాయి. పాత సంస్కృత కథలు పాతికే. అవి అయిపోయాక అదే పద్ధతిలో కొత్తవి రాయించి వేస్తూ వచ్చారు. అన్నేళ్లు నిలబెట్టింది చివర్లో బేతాళుడు వేసే ప్రశ్నేనని నా నమ్మకం. విక్రమార్కుడి జవాబు చదవకముందే మా ఇంట్లో వాదులాట మొదలయ్యేది. మీరూ కథ అయ్యాక ‘వీళ్లలో ఎవరిది న్యాయం?’ అని అడగండి. పిల్లలు తలో మాటా అంటే అననివ్వండి. తేల్చి చెప్పే తొందర వద్దు.

ప్రశ్న: పిల్లల కథలు రాయాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి?
– డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: రాసింది గట్టిగా చదివి పిల్లలకు వినిపించమ్మా. వాళ్ల మొహాలు చూస్తూ చదువు. నేను ప్రతి కథా అచ్చుకు పంపే ముందు మా అరుగు మీద వినిపిస్తాను. తప్పిపోయిన గేదెదూడ కథ ఒకటి రాశాను. తెల్లవారుజాము, మంచు, పొలం గట్టు అంటూ చదువుతుంటే ఒక పిల్ల అడ్డుపడి, ‘కట్టుతాడు ఎవరు విప్పారు?’ అంది. కథంతా ఆ ప్రశ్నలోనే ఉంది. మంచు తీసేసి, గుంజకు వేలాడుతున్న తాడుతో కథ మొదలుపెట్టాను. బాగుందా అని మాత్రం పిల్లలను అడగకు, మర్యాదకు బాగుందనేస్తారు. ఎక్కడ ప్రశ్న వేశారో, ఎక్కడ దిక్కులు చూశారో రాసుకో.

ప్రశ్న: మనవరాలు డాలస్‌లో ఉంటుంది, ఐదేళ్లు. వీడియో కాల్‌లో కథ మొదలుపెడితే రెండు నిమిషాల్లో పారిపోతుంది.
– ఒక అమ్మమ్మ, రాజమండ్రి

జవాబు: ‘ఊ’ కొట్టమనండి. ఊ ఆగితే కథ ఆగుతుందని ముందే ఒప్పందం చేసుకోండి. రాజుల కథల కంటే ముందు వాళ్లమ్మ చిన్నప్పటి అల్లరి చెప్పండి. జామచెట్టెక్కి దిగలేక ఏడ్చిందనో, ఇంకొకటో మీకు గుర్తుండే ఉంటుంది కదా! బొమ్మలు కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. మొదటి స్థాయి పుస్తకాలు తీసుకోండి, పేజీకి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి. ఒకే పుస్తకం రెండు చోట్లా తెరిచి, మీరు చదవండి, బొమ్మలో ఏం జరుగుతోందో ఆ పిల్లను చెప్పమనండి. ఇంగ్లిష్‌లో చెప్పినా వారించకండి. మీరు మాత్రం తెలుగులోనే కొనసాగించండి.