పీ16 పాజిటివ్ అంటే క్యాన్సరేనా?

ప్రశ్న: నా వయసు 36. ఇద్దరు పిల్లలు. పాప్ టెస్టులో తేడా ఉందని ఐదు నెలల కిందట గర్భాశయ ముఖద్వారం నుంచి ముక్క తీసి పంపారు. రిపోర్టులో ‘సీఐఎన్ 2, పీ16 పాజిటివ్, కేఐ-67 ఎక్కువ’ అని ఉంది. ఇది క్యాన్సరేనా? గర్భసంచి తీయించేసుకుంటే ఏ టెన్షనూ ఉండదని మా తోటికోడలు అంటోంది. తెల్లబట్టకు మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు లోపల పెట్టుకుంటున్నాను. భర్తతో కలిసిన తర్వాత అప్పుడప్పుడు కాస్త రక్తం కనిపిస్తోంది.
– ఒక సోదరి, ఖమ్మం

సలహా: మీరు చివర్లో రాసిన రక్తం సంగతే నేను ముందు చూడాల్సింది. రిపోర్టు వచ్చి ఐదు నెలలైంది, పైగా కలయిక తర్వాత రక్తం. పీ16 కంటే నన్ను కలవరపెడుతున్నవి ఇవే. మామూలు ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా అలా కావచ్చు. కానీ పరీక్ష చేయకుండా ఎవరూ చెప్పలేరు.

సీఐఎన్ 2 అంటే ముఖద్వారం కణాల్లో వచ్చే మార్పుల్లో రెండో గ్రేడు. అది క్యాన్సర్ కాదు, దానికి ముందు దశ. అయితే ఈ గ్రేడు దగ్గర ముక్కను పరీక్షించే పాథాలజిస్టుల మధ్యే తేడాలొస్తాయి. అందుకే పీ16 అనే ప్రొటీన్ ఎంత ఉందో ముక్కకు ప్రత్యేకమైన రంగు పట్టించి చూస్తారు. ఈ మార్పులకు ప్రధాన కారణమైన హెచ్‌పీవీ వైరస్ తయారుచేసే ఈ7 ప్రొటీన్, కణాల పెరుగుదలకు కళ్లెం వేసే ఆర్‌బీ అనే ప్రొటీన్‌ను పనిచేయనీయదు. దాంతో కణంలో పీ16 పోగుపడుతుంది. ముక్కలో ఆ రంగు అడుగు పొర నుంచి ఎడతెగకుండా గాఢంగా పడితేనే హై గ్రేడ్ (తీవ్రమైన) మార్పు అన్నదానికి బలం. అక్కడక్కడ మచ్చల్లా పడితే పాజిటివ్‌గా లెక్కించరు. మీది ఎలాంటిదో అడగండి. కేఐ-67 కణాలు ఎంత జోరుగా విభజన చెందుతున్నాయో చెబుతుంది.

ఇవి గ్రేడు తేల్చడానికే. మీ మార్పు తగ్గుతుందో ముదురుతుందో కచ్చితంగా చెప్పలేవు. సీఐఎన్ 2 దాదాపు సగం మందిలో రెండేళ్లలో దానంతటదే తగ్గుతుందని అధ్యయనాలున్నాయి. కానీ అది క్రమం తప్పకుండా కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చేసే పరీక్ష) చేయించుకుంటూ ఉన్నవాళ్ల లెక్క, షాపు మాత్రలతో నెలలు గడిపినవాళ్లది కాదు. ఆ మాత్రలు హెచ్‌పీవీని ఏమీ చేయలేవు. తెల్లబట్ట తగ్గితే జబ్బే తగ్గిందనుకుని ఆగిపోతారు, నా భయం అదే. దయచేసి ఇక ఆపండి. పరీక్షకు ముందు రెండు రోజులు లోపల ఏ మందూ ఉండకూడదు కూడా.

గర్భసంచి తీయించడం దీనికి మొదటి వైద్యం కాదు. మన రెండు రాష్ట్రాల్లో ఈ ఆపరేషన్లు ఇప్పటికే ఎక్కువ. ముక్క తీసిన చోటికి పక్కనే క్యాన్సర్ దాగి ఉంటే, అది తెలియకుండా చేసే మామూలు ఆపరేషన్ సరిపోదు, తర్వాతి చికిత్స చిక్కవుతుంది. తీసేసినా హెచ్‌పీవీ పరీక్షలు ఏళ్లపాటు తప్పవు. సాధారణంగా కాల్పోస్కోపీలో చూసి, మార్పు ఉన్న భాగాన్ని లీప్ పద్ధతిలో, అంటే కరెంటుతో పనిచేసే సన్నటి తీగ ఉచ్చుతో తీస్తారు. ఎక్కువమంది అదే రోజు ఇంటికెళ్తారు. మీకు ఏది సరైనదో చూసిన డాక్టరే నిర్ణయించాలి. ఇంకా పిల్లలు కావాలనుకుంటే ముందే చెప్పండి.

ఈ వారంలోనే గైనకాలజిస్టును కలవండి. వెళ్లేటప్పుడు రిపోర్టు ఒక్కటే కాదు, ల్యాబ్ నుంచి బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు (మైనంలో భద్రపరిచిన ముక్కలు) కూడా అడిగి తీసుకెళ్లండి.