కొత్త కంప్రెసరు కొనకముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిజాంపట్నంలో ఐసు ఫ్యాక్టరీ లీజుకు తీసుకున్న తొలి వేసవిలోనే కరెంటు బిల్లు చూసి కొత్త కంప్రెసరు కొంటానని రాశావు. అడ్వాన్సు ఇంకా ఇవ్వకపోతే ఆగు. నీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్నది ఒక్క అంకె: హెడ్ ప్రెషర్, అంటే కంప్రెసరు నుంచి బయటికొచ్చే అమ్మోనియా ఒత్తిడి, చదరపు అంగుళానికి 220 పౌండ్లు. నా అనుమానమంతా ఆ అమ్మోనియా ఆవిరిని నీళ్లతో చల్లార్చి ద్రవంగా మార్చే కండెన్సరు మీదే.

ఒక పని చెయ్యి. మిషను ఆపి, కండెన్సరు మీద నీళ్లు మాత్రం పారనివ్వు. పైన పడే నీరు, కింద కారే నీరు ఒకే వేడికి వచ్చాక గేజి చూడు. నీరు 30 డిగ్రీలుంటే ముల్లు 155 పౌండ్ల దగ్గర నిలవాలి. బాగా పైన నిలిచిందంటే లోపల గాలి చేరింది, పర్జ్ చేయించు, అంటే ఆ గాలిని బయటికి వదిలించు. గాలి వదిలే గొట్టం చివర నీళ్ల డ్రమ్ములో మునిగి ఉండాలి. మాస్కు లేనివాణ్ని వాల్వు దగ్గరికి రానివ్వకు, ఇందులో మొహమాటం వద్దు. ముల్లు సరిగ్గానే నిలిస్తే గొట్టాలకు పట్టిన గార గీకించు. 220 నుంచి 190కి దిగితే కండెన్సింగ్, అంటే అమ్మోనియా ద్రవమయ్యే వేడి, సుమారు 5 డిగ్రీలు తగ్గినట్టు. డిగ్రీకి 2, 3 శాతం కరెంటు మిగులుతుంది.

ఐసు త్వరగా కట్టాలని మీ ఆపరేటరు బ్రైన్‌ను, అంటే ఐసు కట్టే క్యాన్లు మునిగి ఉండే ట్యాంకులోని ఉప్పునీటిని, మైనస్ 14 డిగ్రీలకు లాగుతున్నాడు. మైనస్ 10 చాలు. అమ్మోనియా కంటే నూనె బరువు కాబట్టి బ్రైన్‌ను చల్లబరిచే గొట్టాల చుట్ట (కాయిల్) అడుగున చేరుతుంది, దాన్ని వదలక ఎన్నాళ్లయిందో అడుగు.

ఇక నీళ్లు. 30 డిగ్రీల నీరు మైనస్ 5 ఐసు కావాలంటే కిలోకు దాదాపు 470 కిలోజౌళ్ల వేడి లాగాలి. అందులో 125 నీటిని సున్నాకు తేవడానికే పోతుంది. నువ్వేమో దిమ్మలు ఊడదీసే తొట్టిలోని చల్లని నీటిని కాలువలోకి వదిలేస్తున్నావు! ఆ నీటికి ఉప్పు అంటి ఉంటుంది, క్యాన్లలో పోయకు. క్యాన్లు నింపే పైపును ఆ తొట్టిలో చుట్టలుగా వేసి తీసుకురా.

ట్యాంకు మీద విరిగిన చెక్క మూతలు వెంటనే మార్చు. మా రోజుల్లో ట్యాంకు గోడల్లో ఊక దట్టించేవాళ్లం. తడిసిందంటే అది ఉన్నా లేనట్టే. నీ ట్యాంకు గోడ బయట చెమట పడుతోందేమో తడిమి చూడు.

సక్షన్ (కంప్రెసరులోకి వెళ్లే ఆవిరి ఒత్తిడి), హెడ్, బ్రైన్ రీడింగులు రెండు గంటలకోసారి, దిమ్మలు, కరెంటు యూనిట్లు రోజుకోసారి వారంపాటు పుస్తకంలో రాయించి పంపు. కంప్రెసరు మాట ఆ తర్వాత.

మీ మామయ్య