మేనేజ్‌మెంట్ సీటు కోసం స్థలం అమ్మాలా?

ప్రశ్న: మాది హిందూపురం దగ్గర పల్లె. బాబు మూడో తరగతిలో ఉండగా బెంగళూరు వచ్చాం, రామమూర్తినగర్‌లో ఉంటున్నాం. మావారు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్, నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. కర్ణాటక ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష సీఈటీ కౌన్సెలింగ్ మొదటి రౌండ్‌లో బాబుకు ఇక్కడి ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ యూవీసీఈలో మెకానికల్ సీటు వచ్చింది. ఆప్షన్లు మావారే నెట్ సెంటర్‌లో కూర్చుని పెట్టారు. పైన అన్నీ కంప్యూటర్ సైన్సే (సీఎస్), చివర్లో యూవీసీఈ బ్రాంచీలు. ఇప్పుడు "సీఎస్ కాకపోతే వాడి బతుకేం కాను" అంటూ ఒక ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడి వచ్చారు. నాలుగేళ్లకు 13 లక్షలు, పైగా రసీదు లేకుండా 3 లక్షలు. ఊళ్లో ఇంటి స్థలం అమ్మితే 11 వస్తాయట, మిగతా 5 రెండు రూపాయల వడ్డీకి తెస్తారట. ఆ స్థలం తొమ్మిదో తరగతి చదివే మా పాప కోసం అనుకున్నది. అదేమంటే "ఆడపిల్ల సంగతి తర్వాత చూద్దాం" అంటారు. మా ఆడపడుచు కొడుకు సీఎస్ చదువుతున్నాడు. ఆవిడ ఫోన్ వచ్చిన రోజల్లా ఇంట్లో గొడవే. బాబు "ఏదైనా పర్లేదు" అని గదిలోకి వెళ్లిపోతాడు. రాత్రి రెండింటి దాకా ఫోన్, అన్నం సరిగా తినడు. నేనేం చేయాలి? — ఒక తల్లి, బెంగళూరు

సమాధానం: అమ్మా, నా మాట సూటిగా చెబుతాను. స్థలం అమ్మొద్దు. ఎందుకో ముందు లెక్కల్లో చూద్దాం. మీ ఇంట్లో ఇప్పుడు అందరూ భవిష్యత్తు గురించే మాట్లాడుతున్నారు గానీ, లెక్క ఎవరూ కాగితం మీద పెట్టినట్టు లేదు.

5 లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 10 వేలు, ఏడాదికి 1,20,000. బాబు చదువు అయ్యేసరికి వడ్డీకే 4,80,000 పోతుంది. అసలు 5 లక్షలు మాత్రం అలాగే నిలబడి ఉంటుంది. మీ ఇంట్లో నెలకు పదివేలు మిగులుతుందో లేదో మీకే బాగా తెలుసు. చదువు కోసం బ్యాంకు ఇచ్చే రుణం వేరు. 7.5 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇచ్చే ఏర్పాటు ఉంది, కంతులు మామూలుగా చదువు ముగిసిన ఏడాది తర్వాతే మొదలవుతాయి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు 10 లక్షల దాకా రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. అయితే అది ఎంపిక చేసిన కాలేజీల్లో మెరిట్ మీద చేరిన పిల్లలకే. మేనేజ్‌మెంట్ కోటాకు వర్తించదు. మీవారు చూసుకున్న సీటుకు ఆ రాయితీ దొరకదు.

ఆ రసీదు లేని 3 లక్షలున్నాయి చూశారూ, దాన్నే క్యాపిటేషన్ ఫీజు అంటారు. కర్ణాటకలో దాన్ని నిషేధిస్తూ 1984లోనే చట్టం వచ్చింది. ఈ రాష్ట్రం నుంచే వెళ్లిన మోహినీ జైన్ కేసులో 1992లో సుప్రీంకోర్టు కూడా తప్పుపట్టింది. అయినా వసూళ్లు ఆగలేదని ఈ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. రేపు బాబుకు అక్కడ పడక మానేయాల్సి వస్తే, ఆ డబ్బు ఇచ్చినట్టు మీ చేతిలో చిత్తు కాగితం కూడా ఉండదు.

ఇక పాప. "తర్వాత చూద్దాం" అన్న మాట ఆ పిల్ల వినే ఉంటుంది, మన అద్దె ఇళ్లలో గోడలు అంత మందంగా ఉండవు. బాబు ఆఖరి ఏడాదిలో ఉండగానే తను కూడా సీఈటీ రాస్తుంది. అప్పటికి స్థలం లేక, అప్పు తీరక, "నీకు డిగ్రీ చాలులేమ్మా" అంటారు. ఇలా చెప్పించుకున్న చెల్లెళ్లు నా దగ్గరికి చాలామంది వచ్చారు. వాళ్లలో అన్న మీద కోపం ఉన్నవాళ్లు తక్కువ, నాన్న మీద ఉన్నవాళ్లే ఎక్కువ.

మీవారి భయం ఉత్తదేమీ కాదు. ఈ ఊళ్లో మనవాళ్లు ఎక్కడ కలిసినా ఐటీ కబుర్లే. ఫ్యాక్టరీలో మెకానికల్ చదివిన కుర్రాళ్లు ఏ జీతానికి చేరుతున్నారో ఆయన రోజూ కళ్లారా చూస్తుంటారు కూడా. కాబట్టి "మీకేం తెలీదు" అని మొదలుపెట్టకండి. కాలేజీలో అడ్వాన్సు ఏమైనా కట్టారా అని ముందు మెల్లగా కనుక్కోండి. అక్కడ మాట ఇచ్చి వచ్చారు కదా, వెనక్కి తగ్గితే చిన్నతనం అన్న ఇబ్బంది లోపల ఉంటుంది. సెలవు రోజున, పిల్లలు ఇంట్లో లేనప్పుడు, పైన చెప్పిన వడ్డీ లెక్క ఆయన చేతే రాయించండి. మీరు రాసి చూపిస్తే వాదన అవుతుంది.

యూవీసీఈ 1917లో విశ్వేశ్వరయ్య చొరవతో మొదలైన కాలేజీ. ఆయన ఇంటిపేరులోని మోక్షగుండం మన ఆంధ్ర ఊరే, ఈ మాట మీవారి చెవిన వేసి చూడండి. పీయూసీ (మన ఇంటర్) మార్కులు సగం, సీఈటీ మార్కులు సగం కలిపి ర్యాంకు ఇచ్చే పోటీలో మీవాడు తన కష్టంతో తెచ్చుకున్న సీటది. అక్కడ ఫీజు ఏడాదికి వేలల్లోనే, లక్షల్లో కాదు. హాస్టల్ ఖర్చూ లేదు. టిన్ ఫ్యాక్టరీ దగ్గర బెన్నిగానహళ్లిలో మెట్రో ఎక్కితే అదే పర్పుల్ లైన్ మీద వెళ్లిరావచ్చు. 2025 ఫిబ్రవరిలో ఛార్జీలు బాగానే పెంచారు, నిజమే. అయినా ప్రైవేటు కాలేజీ బస్సు ఫీజు ఎంతో అడిగి పక్కన పెట్టి చూడండి.

సీఎస్ ఆశ వదులుకోవాల్సిన పని కూడా లేదు. సీఈటీ సీట్లు కేటాయించే సంస్థ కేఈఏ ఇచ్చే నాలుగు చాయిస్‌లలో మొదటిది, ఈ సీటే చాలు, చేరిపోతాం అనడం. రెండోది, దీన్ని చేతిలో ఉంచుకుని లిస్టులో పైనున్నవాటికి తర్వాతి రౌండ్‌లో ప్రయత్నించడం. మూడు, నాలుగు జోలికి వెళ్లొద్దు, వాటితో ఈ సీటు పోతుంది. రెండోదానిలో ఒక మెలిక ఉంది. పైనున్న ఏ ఒక్కటి వచ్చినా యూవీసీఈ సీటు దానంతటదే రద్దవుతుంది, మళ్లీ ఏడ్చి మొత్తుకున్నా రాదు. నెట్ సెంటర్‌లో హడావిడిగా పెట్టిన లిస్టు కాబట్టి, ఊరవతల పేరు కూడా వినని కాలేజీలో సీఎస్ అని ఏదైనా పైన ఉంటే తీసేయండి. మంచి కాలేజీలో సీఈటీ కోటాలో వస్తే ఫీజు ఏడాదికి లక్షకు అటూ ఇటూ ఉంటుంది. దానికి బ్యాంకుకు వెళ్లవచ్చు.

ఈ లిస్టు పని బాబుకే అప్పగించండి. "నీకేం కావాలి నాన్నా" అని అడిగితే మళ్లీ "పర్లేదు" అనే అంటాడు. తను ఏది కోరినా చెల్లెలి స్థలం పోతుందని వాడికి తెలుసు, అందుకే నోరు విప్పడం లేదని నా అనుమానం. ముందు స్థలం అమ్మడం లేదని చెప్పండి. తర్వాత లిస్టు ప్రింట్ తీసి పెన్ను చేతికిచ్చి, చేరనంటే చేరను అనుకున్నవి కొట్టేయమనండి. వద్దన్నవి చెప్పడం ఆ వయసు పిల్లలకు తేలిక. కొట్టేయగా మిగిలినవి చూస్తే వాడి మనసు మీకే తెలుస్తుంది.

మెకానికల్‌లోనే ఉండిపోయినా కోడింగ్ తలుపులు మూసుకోవు. ఐఐటీలు ఆన్‌లైన్‌లో పెట్టే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం. మద్రాస్ ఐఐటీ ఆన్‌లైన్‌లో డేటా సైన్స్ డిగ్రీ నడుపుతోంది, ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ 2022లో అనుమతి ఇచ్చింది. మొదటి సెమిస్టర్‌లోనే ఆ బరువు ఎత్తకండి, ముందు మాథ్స్ కుదురుకోనివ్వండి.

నిద్ర లేకపోవడం, తిండి తగ్గడం సీటు గొడవ తేలాక కూడా ఇలాగే ఉంటే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మిగిలింది మీ ఆడపడుచు. ఆవిడకు ఈ లెక్కలేవీ చెప్పాల్సిన పని లేదు. ఫోన్ వస్తే మీవారి చేతికి వెళ్లకముందే మీరు తీసి, "యూవీసీఈలో సీటొచ్చింది వదినా, డబ్బు కట్టేశాం" అనండి. వెంటనే వాళ్లబ్బాయి సెమిస్టర్ పరీక్షలు ఎలా రాశాడో అడగండి.